పాట ఎత్తుకోవద్దన్నాను

కొత్తగా చదువు ముగించుకొని వచ్చిన పిల్లలు నన్ను ఎక్కడ చూసినా పట్టుకొని అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, ఇంప్లాంట్ చుట్టూ చిగురు కట్టాలంటే ఏ గ్రాఫ్టు ముక్క మంచిది? పేషెంటు అంగిట్లోంచి తీసిందా, కంపెనీ వాళ్ళ షీటా?" నేను వెంటనే జవాబు చెప్పను. "మీ పేషెంటు ఏం పని చేస్తాడు? ఇంటికి పోయాక ఆయన్ను చూడ్డానికి ఎవరెవరొస్తారు?" అని ఎదురడుగుతాను. ముసల్దానికి చాదస్తం ముదిరింది అనుకుంటారు. అనుకోనివ్వండి. రిటైరయ్యాక ఆ మాత్రం పేరు రాకపోతే రిటైరయినట్టే ఉండదు.

కరీంనగర్‌లో చిగుళ్ళ డాక్టరుగా నా ఉద్యోగమంతా గడిచింది. నాకు భయం ఎక్కువ. కత్తి పట్టుకున్నప్పుడు చెయ్యి వణకదు గానీ, పేషెంటు మెట్లు దిగి పోయాక మొదలవుతుంది నా వణుకు. కుట్టు వదులైందేమో, మాత్ర సంగతి చెప్పడం మరిచానేమో, ఆయన బస్సులో నిద్రపోయి దవడ కిటికీకి కొట్టుకున్నాడేమో. అన్నం ముందు కూర్చున్నా ఈమె నమిలేది పేషెంట్లనే అని మా ఇంట్లో ఎగతాళి చేసేవారు. అట్లాంటి నాకు ఆయన దొరికాడు.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయినవాడు. మంథని దగ్గర పల్లె. వాళ్ళ చిన్న క్రైస్తవ సంఘంలో పాట ఎత్తుకునేది ఆయనే. అంటే మొదటి లైను ఆయన ఒక్కడే పాడాలి, ఆ శ్రుతి పట్టుకొని మిగిలినవాళ్ళంతా అందుకోవాలి. ఆదివారం ఆరాధనైనా, పెళ్ళైనా, సమాధి దగ్గరైనా ఆయన గొంతు లేవనిదే ఎవరూ నోరు తెరవరు. బస్సులో "టికెట్, టికెట్" అని అరిచి అరిచి గట్టిపడిన గొంతు అది. పళ్ళన్నీ పోయి కట్టుడు పళ్ళు పెట్టుకున్నాక ఒకరి భూస్థాపనలో, సమాధి పక్కన పాట పైకి పోతుంటే కింది పళ్ళ సెట్టు ఊడి మట్టిలో పడిందట.

"పోరగాండ్లు నవ్విన్రు డాక్టరమ్మా. పెద్దోళ్ళు నవ్వలే. గదే ఎక్కువ బాధైంది" అన్నాడు నాతో. ఆ తరువాత చాలా నెలలు ఆయన పాట ఎత్తుకోలేదు. సంఘంలో ఎవరికీ అది చేతకాక, పాటల్లేకుండానే ప్రార్థన చేసుకొని లేచిపోయేవారట.

మా క్లినిక్‌లో పెద్దాయన ఒకరుండేవారు. మేమంతా సార్ అనేవాళ్ళం. దవడ సర్జన్. ఆయనదీ ఆ మంథని వైపే, భూములున్న కుటుంబం. చిన్నప్పుడు పెద్దపల్లికి చదువుకోవడానికి ఈ కండక్టరు బస్సులోనే పోయేవారు. అందుకే బాబాయి వరసన కాకా అని పిలిచేవారు, మాకూ ఆయన కాకే అయ్యాడు. సారే ఆయన కింది దవడలో ముందువైపు ఎముకలోకి మరల్లాంటి రెండు ఇంప్లాంట్లు బిగించి, పళ్ళ సెట్టు వాటి మీద చొక్కా టిచ్ బటన్‌లా టప్పున పట్టుకునేలా చేశారు. ఇక ఊడదు. కాక మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. ఊళ్ళో స్వీట్లు పంచాడట.

కానీ కొన్నాళ్ళకు రక్తం రావడం మొదలైంది. నేను చూసేసరికి ఒక ఇంప్లాంటు పక్కన గట్టి చిగురన్నదే లేదు. పెదవి లోపలి మెత్తటి మాంసం నేరుగా ఇంప్లాంటును ఆనుకొని ఉంది. నోరు పెద్దగా తెరిచినప్పుడల్లా పెదవి దాన్ని లాగుతుంది. లాగిన సందులో మెతుకు చేరుతుంది, చీము పడుతుంది. ఎక్స్‌రేలో ఎముక అప్పటికే కొంత దిగిపోయింది. ఆయన పాడిన ప్రతి పాటా ఆ ఇంప్లాంటును పీకుతూనే ఉందన్నమాట.

సార్‌కు ఎముకే ముఖ్యం, చిగురంటే లెక్కలేదు. "బొక్క గోడ, చిగురు సున్నం. గోడ మంచిగుంటే సున్నానికి గింత లొల్లి ఎందుకు?" అనేవారు.

"సున్నం ఊడినంకనే గోడ నానుతది సార్" అన్నాను.

ఆయన ఎక్స్‌రే ఇంకోసారి చూసి కళ్ళజోడు తీసేశారు. "గిది పోతే ఇంకోటి పెట్టనీకి బొక్క లేదు" అన్నారు మెల్లగా. ఆ ఇంప్లాంటు పోతే సెట్టు ఒంటికాలి మీద నిలవదు. సెట్టు నిలవకపోతే పాట లేదు.

హైదరాబాద్‌లో చదివి మా దగ్గర చేరిన చిన్న డాక్టరొకామె ఉండేది. చురుకైన పిల్ల. టీ తాగే గదిలో ముగ్గురం కూర్చొని వాదించుకున్నాం. ఆమె షీటు పెడదామంది. పంది చర్మం నుంచి తీసి శుద్ధి చేసిన తెల్లటి దళసరి షీటు. దాన్ని ఆసరా చేసుకొని మన చిగురే పెరుగుతుంది. అంగిట్లో రెండో గాయం ఉండదు, ముసలాయనకు నొప్పి తక్కువ. ఆమె మాటలో తప్పేమీ లేదు. తరువాత ఎందరికో నేనే ఆ షీటు పెట్టాను, బాగా కుదిరింది కూడా. ఇంకో దారి, అంగిట్లో పైపొర వదిలేసి లోపలి పొర మాత్రం తీసి పెట్టడం. చిగురు దళసరి అవుతుంది, రంగు ఇట్టే కలిసిపోతుంది. నవ్వితే కనబడే పై పళ్ళ దగ్గర దానికి మించింది లేదు.

కాకకు కావలసింది అందం కాదు, పట్టు. ఆయన పెదవి లాగే లాగుడికి షీటు కుంచించుకుపోతుందని నా భయం. పైపొరతో సహా అంగిట్లోంచి ఒక ముక్క కోసి తెచ్చి కుట్టడమే పాత పద్ధతి. చూడ్డానికి అతుకు వేసినట్టు ఉంటుంది, కానీ గట్టిగా కూర్చుంటుంది. చిక్కల్లా ఒక్కటే. ఏళ్ళ తరబడి పై సెట్టు నొక్కి నొక్కి ఆయన అంగిట్లో కండ అరిగిపోయింది. ముక్క తీయడానికి పనికొచ్చే చోటు ఒక్కటే మిగిలింది. ఒకసారి తీస్తే మళ్ళీ తీయడానికి లేదు.

ఈ సంగతులన్నీ కాకకూ, ఆయన భార్యకూ ఎదురుగా కూర్చొని చెప్పాను. ఆమెను నేను చిన్నమ్మా అనేదాన్ని. సన్నగా, నోట్లో నాలుక లేనట్టు ఉండేది. ఎప్పుడూ ఆయన వెనకనే నిలబడేది.

"పందిదా?" అన్నాడు కాక. "నాకైతే ఏం ఫికర్ లేదు. గని మీ చిన్నమ్మ నన్ను వంటింట్లకు రానియ్యది."

"ఇప్పుడేమో నువ్వు వంటింట్లకొచ్చి బోళ్ళు తోముతున్నట్టు" అందామె నేల చూపులు చూస్తూనే. నాకు నవ్వొచ్చింది. ఆమెకు మాటలు వచ్చునని అప్పుడే తెలిసింది.

చివరికి అంగిట్లోంచే తీద్దామని నేనే తేల్చాను. చిన్న డాక్టరు ముఖం ముడుచుకుంది. సార్ "నీ ఇష్టం" అన్నారు. బాగైతే అందరిదీ, చెడితే నాది అని దానర్థం.

ఆపరేషన్ సాఫీగానే జరిగింది. ముక్కను ఇంప్లాంటు పక్కన పరిచి, బిగించి కుట్టాను. పెదవి లాగి చూస్తే కదలలేదు. కింది సెట్టు కొన్నాళ్ళు పెట్టుకోవద్దని తీసి డబ్బాలో ఇచ్చాను. అప్పుడు కాకకు ఎదురుగా కూర్చొని చెప్పాను: కింద ఉన్న నెత్తురు మెల్లగా ఆ ముక్కలోకి దారి చేసుకోవాలి. దారి పడేదాకా అది కదలకూడదు. కదిలితే చచ్చిపోతుంది. జావ తాగు, గట్టిగా ఉమ్మొద్దు, పెదవి పట్టి అద్దంలో చూసుకోవద్దు, పాడొద్దు, పెద్దగా నవ్వొద్దు.

"ఏడ్వొచ్చునా?" అన్నాడు.

"ఏడ్వు గని నోరు తెరవకు."

ఆయన పోయాక నా పని నేను మొదలుపెట్టాను. అంటే భయపడడం. పొద్దున ఫోన్, సాయంత్రం ఫోన్. ఎప్పుడు చేసినా చిన్నమ్మే ఎత్తేది. వెనక మనుషుల సందడి వినబడేది. "సంఘమోళ్ళు వచ్చిన్రు బిడ్డా, ప్రార్థన చేస్తున్రు" అనేది. మంచిదే కదా అనుకున్నాను. నాకోసం ప్రార్థన చేసే మనుషులు ఇంతమంది ఉంటే నాకీ భయం ఎందుకుండేది అని కూడా అనుకున్నాను.

చెప్పిన రోజున కాక వచ్చాడు. కుర్చీలో పడుకోబెట్టి, పెదవి మెల్లగా దించాను. ముక్క తెల్లగా ఉంటుందని నాకు తెలుసు. నీళ్ళలో నానిన గుడ్డలా అవుతుంది, పైపొర రాలిపోతుంది, కింద ఎర్రగా కొత్తది వస్తుంది. అది మామూలే. కానీ ఇది బూడిద రంగులో ఉంది. ఒక మూల లేచి, నాలుక తగిలితే కదులుతోంది. వాసన కూడా వచ్చింది.

"ఏం జేసినవ్ కాకా?"

"ఏం జెయ్యలే."

"చెప్పు" అంది చిన్నమ్మ వెనక నుంచి.

"పాడలే డాక్టరమ్మా, నిజంగ పాడలే. ఎత్తుకున్న, అంతే."

నాకు అర్థం కాలేదు. ఆయనే విడమరిచాడు. "ప్రార్థనకని రోజు ఒక ఇంటోళ్ళు వస్తున్రు. పాట లేంది ప్రార్థన ఎట్లయితది? అందరు నా మొఖమే చూస్తరు. ఎవ్వలు ఎత్తుకోరు. మొదటి లైను అందిచ్చి నోరు మూసుకున్న. మిగిలిందంత వాళ్ళే పాడిన్రు. బండి నడిపేది డ్రైవరు గదా? నేను 'రైట్' అన్న, అంతే. మీ మాట ఏడ తప్పిన?"

ఓరి దేవుడా! ఆయన మొహంలో మోసం లేదు. పాడొద్దన్నాను, ఆయన పాడలేదు. ఎత్తుకోవడం ఆయన లెక్కలో పాడడం కాదు, పని. బస్సు కదలాలంటే విజిలేసినట్టు. ఊళ్ళో ఇళ్ళన్నీ వంతులవారీగా ఆయన బాగుపడాలని దేవుణ్ణి అడగడానికి వచ్చి, సాయంత్రానికొకసారి నా కుట్లు లాగేశాయి. ఎవర్ని తిట్టాలి?

చిన్న డాక్టరు నన్ను పక్క గదిలోకి తీసుకుపోయింది. "మేడం, అది చచ్చిపోయింది. తీసేసి ఇప్పుడే షీటు పెడదాం. ఇన్ఫెక్షన్ లోపలికి దిగితే ఇంప్లాంట్ పోతది." సార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

ఆమె చెప్పింది నిజమే అయితే ఆలస్యం చేసిన ప్రతి పూటా ఎముక తింటుంది. కానీ ముక్క లోపల బతికే ఉంటే? తీసిపారేస్తే మళ్ళీ తెచ్చుకోవడానికి అంగిట్లో చోటు లేదు. ఏది తప్పయినా పోయేది ఆయన గొంతే. తిరిగి వెళ్ళి సన్నటి పరికరంతో ముక్క మధ్యలో మెల్లగా తోశాను. కదలలేదు. ఇంకోవైపు తోశాను. అక్కడా కదలలేదు. లేచిన మూల మాత్రమే కదులుతోంది. పట్టుకొని ఉన్నది బతికే ఉందని నమ్మడం తప్ప ఆ రోజు నా దగ్గర వేరే పరీక్ష లేదు. లేచిన మూల కత్తిరించేశాను. అంతా కడిగి, మిగిలింది అట్లాగే వదిలేశాను. చిన్న డాక్టరు చేతి తొడుగులు తీసి డబ్బాలో వేసిన తీరులోనే ఆమె అభిప్రాయం తెలిసింది.

"కాకా, ఇగ ఒక్క లైను గూడ వద్దు. ఇంటికి ఎవ్వరిని రానియ్యకుండ్రి" అన్నాను.

"అయ్యో, ప్రార్థనకొచ్చెటోళ్ళను రావద్దంటమా?" అంది చిన్నమ్మ. "ఈ ఆదివారం సంఘమంత మా ఇంట్లనే కూడుతున్రు. ఈయన కోసమే."

"మరి ఎత్తుకునేదెవ్వలు?" అన్నాడు కాక. ఆయన దిగులు ముక్క గురించి కాదు, పాట గురించి.

నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేండ్ల సంది పక్కన నిలబడి వింటున్న మనిషి లేదా? చిన్నమ్మ ఎత్తుకుంటది" అన్నాను.

"నేనా!" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాక ఆమెను ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఉన్న వస్తువు ఒకటి మాట్లాడిందన్నట్టు చూశాడు.

ఆదివారం దాకా నాకు అన్నం సయించలేదు. ఆ పొద్దున సార్ ఫోన్ చేసి, "మా ఊరికి పోయేది ఉంది, పొలం చూసొద్దాం. వస్తవా?" అన్నారు. ఆయన పొలం ముఖం చూసి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు. అయినా కారెక్కాను. పొలం వైపు తిరగాల్సిన చోట ఆయన తిరగలేదు, నేను గుర్తు చేయలేదు.

కాక ఇంటి ముందు చెప్పుల కుప్ప. లోపల చాపల మీద ఆడవాళ్ళు, గోడవారగా మగవాళ్ళు. కాక కుర్చీలో తువ్వాల నోటికి అడ్డం కట్టుకొని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవబోతే సార్ భుజం పట్టి కూర్చోబెట్టారు. ప్రార్థన మొదలైంది. పాట సమయం వచ్చింది. అందరి తలలూ కాక వైపు తిరిగాయి, అలవాటు. ఆయన చిన్నమ్మ వైపు చూశాడు.

ఆమె లేచి నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకొని ఎత్తుకుంది. మరీ పైన ఎత్తుకుంది. మొదటి మాటకే గొంతు చీలింది. వెనక నలుగురు అందుకోబోయి అందక ఆగిపోయారు. ఎవరో దగ్గారు. కాక మెడ నరాలు ఉబ్బాయి. తువ్వాల కింద పెదవులు కదిలినట్టు నాకు కనబడింది. వద్దు కాకా, వద్దు, నోరు తెరవకు అని లోపల్లోపల అరుస్తున్నాను. సార్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ పట్టు నాకు ధైర్యం చెప్పడానికో, తనకు ధైర్యం కోసమో ఇప్పటికీ తెలియదు.

కాక చెయ్యి ఎత్తాడు. అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి దించాడు. చిన్నమ్మ కళ్ళు తెరిచి ఆ చెయ్యి చూసింది. ఆయన వేలి ఉంగరంతో కుర్చీ చెయ్యి మీద కొట్టడం మొదలుపెట్టాడు. టక్, టక్, టక్. బస్సులో కడ్డీ మీద కొట్టినట్టే. ఆమె ఊపిరి పీల్చుకొని, కిందినుంచి మళ్ళీ ఎత్తుకుంది. సన్నటి గొంతు. కానీ నిలబడింది. రెండో లైనుకు ఆడవాళ్ళు అందుకున్నారు, తరువాత మగవాళ్ళు. పాట లేచింది. కాక కళ్ళలోంచి నీళ్ళు కారి తువ్వాలలోకి ఇంకుతున్నాయి. నోరు మాత్రం తెరవలేదు.

మళ్ళీ వచ్చినప్పుడు కుర్చీ పక్కన ముగ్గురం నిలబడ్డాం. పెదవి దించాను. బూడిద పొర రాలిపోయింది. దాని కింద ఎర్రగా, పసిబిడ్డ చర్మంలా, ముక్క బతికి ఉంది. కత్తిరించిన మూల దగ్గర కొంచెం తక్కువైంది గానీ ఇంప్లాంటు చుట్టూ పట్టుకుంది. చిన్న డాక్టరు మెల్లగా నా వీపు తట్టింది. నేను స్టూలు మీద కూలబడ్డాను, చెయ్యి మాత్రం పెదవి మీదే ఉండిపోయింది.

"ఇగ చూసింది చాలు, ఇడువు. సున్నమే గదా" అన్నారు సార్.

చిగురు గట్టిపడ్డాక సెట్టు బిగించి, "కాకా, ఇగ నీ ఇష్టం. పాడు, ఎత్తుకో, అరుచుకో" అని పంపించాను. ఆయన పోయిన వారానికే ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"డాక్టరమ్మా, మీ చిన్నమ్మ ఫోన్ చేస్తే జర ఒక మాట చెప్పాలె. నేను ఎత్తుకోవద్దని, ఇంక కొన్నొద్దులు పడతదని."

"ఎందుకు? నొప్పేమన్న ఉందా?" అన్నాను.

"నొప్పి లేదు, ఏం లేదు. గట్టిగుంది. ఆదివారమొస్తే మీ చిన్నమ్మ తెల్లారంగనే లేచి పెరట్ల గొంతు సరి చేసుకుంటది. నేను ఎత్తుకుంటనంటే మళ్ళ నా వెనుక నిలబడుతది. నాకు తెలుసు."

పేషెంటు పరిస్థితి గురించి నేను అబద్ధం చెప్పిన మనిషిని కాదు. మరునాడు చిన్నమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, ఈయన ఇంక ఎత్తుకోవద్దా?" అనడిగింది.

"ఇంక వద్దు చిన్నమ్మా."

"అయ్యో. గట్లనా" అంది. ఆ గొంతులో దిగులేమీ వినబడలేదు.

నేను రిటైరయ్యాను. సార్ ప్రాక్టీసు మానేశారు. చిన్న డాక్టరు ఇప్పుడు పెద్ద డాక్టరు. క్రిస్మస్‌కు ముందు ప్రతి ఏడూ చిన్నమ్మ నుంచి ఫోన్ వస్తుంది, అదే ప్రశ్న అడుగుతుంది. ఆ ఇంప్లాంటు రాయిలా ఉందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసునేమోనని నా అనుమానం. అయినా ఇద్దరం ఏమీ ఎరగనట్టే మాట్లాడుకుంటాం.

"ఇంక వద్దు చిన్నమ్మా" అంటాను.

"సరే తియ్యి. నేనే ఎత్తుకుంట" అంటుంది.